నేలబారు బంతి

సిక్స్ కొట్టడం నేర్పమని అడిగే పిల్లలు బోలెడుమంది. యార్కర్ ఎలా వేయాలో చెప్పమని వెంటపడేవాళ్లూ ఉంటారు. 'నేలమీద దొర్లుకుంటూ వచ్చే బంతిని ఎలా ఆపాలో నేర్పండి' అని మాత్రం ఏ పిల్లాడూ అడగడు. వాళ్ల నాన్నా అడగడు. అదీ ఒక విద్యేనా? చెయ్యి అడ్డం పెడితే ఆగిపోదూ!

ఆగదు. ఎందుకు ఆగదో తెలియాలంటే ఆదివారం పొద్దున్నే రహమత్ నగర్ వెళ్లి చూడాలి.

జూబ్లీహిల్స్ పెద్ద పెద్ద మేడలకూ, ఫిల్మ్ నగర్ స్టూడియో హడావుడికీ కాస్త దూరంలోనే ఉంటుంది రహమత్ నగర్. కానీ లోకం వేరు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే. సందుల్లో ఆటోలు, తోపుడుబండ్లు, నీళ్ల డ్రమ్ములు. షూటింగుల్లో లైట్లు మోసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, నాలుగిళ్లలో పనిచేసి బతికేవాళ్లు ఇక్కడుంటారు. వాళ్ల పిల్లలకు ఆటస్థలమంటే సందే. ఆ సందు కూడా చదునుగా ఉండదు. బంతి ఒకసారి కాళ్ల మధ్యనుంచి జారిపోయిందంటే వాలులో పడి దొర్లుతూనే ఉంటుంది. మోరీలో పడేదాకా ఆగదు. ఎవరి చేతిలోంచి జారిందో వాడే వెళ్లి తేవాలి. ఇది గల్లీ క్రికెట్‌లో ఎవరూ రాయని రూలు.

రాయని రూలు ఇంకొకటుంది. బ్యాట్ ఎవరిదో మొదటి బ్యాటింగ్ వాడిదే.

బ్యాట్ లేని పిల్లాడు

ఈ రెండో రూలు చిన్నదిగా కనిపిస్తుందిగానీ పిల్లల జీవితాల్లో చాలా పెద్దది. బ్యాట్ ఉన్నవాడు అవుటైనా ఇంకో బంతి ఆడతాడు. బంతి కొన్నవాడు బౌలింగ్ చేస్తాడు. రెండూ లేనివాడు పొద్దుటినుంచి ఫీల్డింగే చేస్తాడు. అతని వంతు వచ్చేసరికి ఎండ ముదురుతుంది, లేదా ఎవరి అమ్మో అన్నానికి పిలుస్తుంది. అంటే గల్లీ క్రికెట్‌లో ఫీల్డింగ్ ఒక శిక్ష. అందుకే దాన్ని నేర్చుకోవాలని ఎవరికీ ఉండదు.

ఆదివారాలు అక్కడి పిల్లల్ని పోగేసి ఆట నేర్పే ఒకాయన ఈ లెక్కను తిరగేశాడు. షూటింగుల్లో లైట్‌మ్యాన్ పని ఆయనది. వయసు యాభై దాటింది. కుర్రతనంలో బాగానే ఆడాడు. పిల్లలెవరూ ఆయన్ని సార్ అనరు, 'అన్నా' అంటారు. ఆయన దగ్గర మొదటి నెలంతా బ్యాట్ బయటికి రాదు. చెప్పులు మాత్రం వస్తాయి. ఎవరి చెప్పులు వాళ్లు విప్పి, నాలుగడుగుల ఎడంతో నేలమీద పెట్టాలి. అదే గోలు. పది అడుగుల అవతల ఎదురుగా ఇంకో పిల్లాడు, అతని ముందు అతని చెప్పులు. ఒకరి చెప్పుల మధ్యకు ఇంకొకరు బంతిని నేలబారుగా దొర్లించాలి. ఎవరి చెప్పుల మధ్యనుంచి బంతి ఎక్కువసార్లు దాటితే వాళ్లు ఓడినట్టు.

ఈ ఆటకు పైసా ఖర్చు లేదు. బ్యాట్ ఉన్నవాడికీ లేనివాడికీ తేడా లేదు. ఇన్నాళ్లూ ఫీల్డింగ్ చేసీ చేసీ అలిసిపోయిన పిల్లాడే ఇందులో ముందుంటాడు. వాడికి అది మొదటి గెలుపు.

మోకాలు, మడమ, చెయ్యి

చూడ్డానికి తేలికే. కానీ పదిమందిని నిలబెట్టి బంతి దొర్లిస్తే ఏడెనిమిదిమంది ఒకేలా తప్పు చేస్తారు. నిలబడినచోటే ఉండి పక్కకు చెయ్యి చాస్తారు. బంతి చేతి పక్కనుంచి వెళ్తుంది. వెనక ఏమీ ఉండదు కాబట్టి అంతే సంగతులు.

అందుకే మొదటి పాఠం కాళ్లకు. బంతి ఏ దారిన వస్తోందో చూసి ముందు కాళ్లు అక్కడికి వెళ్లాలి. ఒళ్లంతా బంతి వెనక్కి చేరాక చేతుల సంగతి.

రెండో పాఠం మోకాలికి. దీన్నే క్రికెట్‌లో లాంగ్ బ్యారియర్ అంటారు. కుడిచేత్తో విసిరే పిల్లాడైతే ఎడమ మోకాలు నేలకు ఆనించాలి. కుడి పాదాన్ని బంతి దారికి అడ్డంగా తిప్పి పెట్టాలి. ఎడమ మోకాలు కుడి మడమకు తగులుతూ ఉండాలి. అప్పుడు పాదం, మోకాలు, నేలకు ఆనిన పిక్క కలిసి మూరన్నర పొడవు గోడ అవుతాయి. మోకాలికీ మడమకూ మధ్య సందు మిగిలిందంటే బంతి సరిగ్గా అందులోంచే పోతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు ఇదంతా అటూ ఇటూ మారుతుంది. ఏ చేత్తో విసురుతారో ఆ వైపు పాదం నేలమీద నిలిచి ఉంటే లేవగానే విసరడం సులువు.

మూడో పాఠం చేతులకు. గోడకు ముందు రెండు చేతులూ, చిటికెన వేళ్లు కలిపి, వేళ్లు నేలవైపు చూసేలా దోసిలి పట్టాలి. తల బంతికి సూటిగా ఉండాలి. చేతులు పట్టుకుంటే సంతోషం. తప్పితే వెనక కాలు ఉంది. బంతి నాలుగు పరుగులకు పోదు, మహా అయితే ఒకటి.

ఇంకో కిటుకు ఉంది. ముందే కిందికి వంగి ఉండి, బంతి ఎగిరితే దానితోపాటు చేతులు పైకి లేపడం తేలిక. నిటారుగా నిలబడి, ఆఖరి క్షణంలో వంగడం కష్టం. బంతి కాళ్లకింద నుంచి జారిపోయిన పిల్లల్లో ఎక్కువమంది ఆలస్యంగా వంగినవాళ్లే.

ప్రతి బంతికీ మోకాలు వేస్తే కూడా కుదరదు. బంతి మెల్లగా వస్తుంటే ఎదురు పరుగెత్తి తీసుకుని విసరాలి. బంతి వేగంగా వస్తున్నప్పుడు, నేల గతుకులుగా ఉన్నప్పుడు, తన వెనక ఇంకెవరూ లేనప్పుడు గోడ కట్టాలి. ఏది ఎప్పుడో పిల్లాడే తేల్చుకోవాలి. ఆ తీర్పు ఒక్క నెలలో రాదు.

ముఖం తిప్పుకున్న పిల్లాడు

ఇవన్నీ ఒంటికి నేర్పే పాఠాలు. అసలు చిక్కు మనసుతో.

ఆ గుంపులో పదేళ్ల పిల్లాడొకడు ఉన్నాడు. వాళ్లమ్మ జూబ్లీహిల్స్‌లో మూడిళ్లలో పనిచేస్తుంది. చెప్పుల ఆటలో వాడిని మించినవాడు లేడు. ఒకరోజు పెద్దపిల్లలతో కలిసి తోలుబంతితో ఆడుతుంటే, రాయికి తగిలి ఎగిరిన బంతి వాడి పెదవి చీల్చింది. రెండు కుట్లు పడ్డాయి. గాయం పది రోజుల్లో మానింది. భయం మానలేదు.

తర్వాత మైదానానికి వచ్చాడుగానీ, బంతి దగ్గరికి రాగానే ముఖం పక్కకు తిరిగిపోయేది. కాళ్లు సరిగ్గానే వెళ్లేవి. మోకాలు సరిగ్గానే పడేది. ఆఖర్లో కళ్లు మూసుకునేవాడు. మిగతా పిల్లలు నవ్వారు. 'పిరికోడు' అన్నారు. ఆ మాట అన్నవాళ్లను ఆయన ఆ పూటకు ఆటలోంచి తీసేశాడు.

వాళ్లమ్మ వచ్చింది. ఇకమీద పంపనని చెప్పడానికే వచ్చింది.

"మల్ల తగిల్తె ఎట్లన్నా? పళ్లు రాల్తె ఎవలిస్తరు?"

"తగుల్తది చెల్లె. తగలదని నీకు అబద్ధం చెప్ప. కానీ ముఖం తిప్పుకుంటెనే ఎక్కువ తగుల్తది. చూస్తుంటె చెయ్యి దానంతటదే అడ్డమొస్తది."

ఆమె ఒప్పుకోలేదు. కాదని వెళ్లిపోనూ లేదు. కాసేపు అక్కడే మెట్టుమీద కూర్చుంది. ఆయన తోలుబంతి సంచిలో పడేసి, రబ్బరు బంతి తీశాడు. పిల్లాడితో ఆపమని చెప్పలేదు. బంతిమీద సున్నంతో ఒక చుక్క పెట్టి, దొర్లి వస్తున్నప్పుడు ఆ చుక్క ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టమన్నాడు. అంతే. పిల్లాడు లెక్కపెట్టడంలో పడ్డాడు. లెక్కపెట్టాలంటే చూడాలి కదా! మూడు, నాలుగు, ఆరు... ఏడోసారి లెక్క చెబుతూనే, ఎవరూ చెప్పకుండానే బంతిని ఆపాడు.

అమ్మ షరతు పెట్టింది. తోలుబంతి ముట్టకూడదు, రాళ్లున్నచోట ఆడకూడదు. ఆయన సరేనన్నాడు. ఆ తర్వాత నుంచి ఆట మొదలుపెట్టే ముందు పిల్లలంతా వరసగా నడుస్తూ రాళ్లు ఏరడం అలవాటైంది. ఆ అలవాటు తెచ్చింది ఒక తల్లి భయం. పిల్లాడు ఇప్పటికీ కొన్ని బంతులు వదిలేస్తాడు. కానీ కళ్లు తెరిచే వదిలేస్తాడు.

కర్రకు ఎదురెళ్లే ఐర్లండ్ పిల్లలు

ఈ భయం రహమత్ నగర్‌ది మాత్రమే అనుకుంటే పొరపాటు. ఐర్లండ్‌లో హర్లింగ్ అని ఒక పాత ఆట ఉంది. జట్టుకు పదిహేనుమంది. యాష్ అనే చెట్టు కలపతో చేసిన, చివర వెడల్పుగా ఉండే కర్రతో చిన్న తోలుబంతిని కొడతారు. చూడ్డానికి మన హాకీలా అనిపిస్తుందిగానీ, ఇందులో బంతి తలపైనుంచీ పోతుంది, నేలబారుగానూ పోతుంది. 2018లో యునెస్కో దీన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆటగాళ్లందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది మాత్రం 2010లోనే.

ఆ ఆటలో చిన్నపిల్లలకు నేర్పే పాఠాల్లో ఒకటి, ఎదుటివాడు నేలమీది బంతిని కొట్టబోతుంటే కర్రను నేలకు ఆనించి ఆ దెబ్బను అడ్డుకోవడం. పిల్లలు ఏం చేస్తారు? దూరంగా నిలబడి, చెయ్యి బారచాపి, కర్ర ముందుకు పెడతారు. కళ్లు మాత్రం అటు తిప్పేసుకుంటారు. కోచ్‌లు చెప్పేది దానికి సరిగ్గా ఎదురు. మోకాళ్లు వంచి, దగ్గరికి వెళ్లమంటారు. ఎదుటివాడి కర్ర పూర్తిగా ఊగి వచ్చేది దూరంగా ఉన్నవాడి మీదికే. దగ్గరగా వెళ్లినవాడి ముందు ఆ కర్రకు ఊగే చోటే ఉండదు. వెనక్కి తగ్గితే దెబ్బ ఎక్కువ, దగ్గరైతే తక్కువ.

ఏడు సముద్రాల అవతల కర్రతో నేర్పినా, రహమత్ నగర్‌లో చెప్పులతో నేర్పినా పాఠం ఒకటే. కళ్లు తిప్పుకున్నవాడికే దెబ్బ.

ఫీల్డింగే టికెట్టు

నేలబారు బంతిని ఆపితే ఏమొస్తుంది? అని అడిగే తల్లిదండ్రులకు హైదరాబాద్ చరిత్రలోనే జవాబుంది.

సయ్యద్ అబిద్ అలీ 1941లో హైదరాబాద్‌లో పుట్టాడు. 1956లో హైదరాబాద్ స్కూళ్ల జట్టుకు ఎంపిక చేసినవాళ్లను ఆకట్టుకున్నది ఆయన ఫీల్డింగే. ఆ జట్టు తరఫున కేరళమీద 82 పరుగులు చేశాడు. అయినా ఆయనకొచ్చిన బహుమతి ఉత్తమ ఫీల్డర్‌గా! కొన్నేళ్ల తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ క్రికెట్ జట్టు పెట్టినప్పుడు అందులో ఉద్యోగం వచ్చింది. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా మీద తొలి టెస్టు ఆడి, మొదటి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. 1971లో ఓవల్ మైదానంలో ఇంగ్లండ్‌ను మనవాళ్లు ఓడించినప్పుడు గెలుపు పరుగులు కొట్టింది ఆయనే. మొత్తం 29 టెస్టులు ఆడాడు. 2025 మార్చిలో అమెరికాలో కన్నుమూశాడు. ఆ ప్రయాణానికి తలుపు తెరిచింది మాత్రం చురుగ్గా కదిలిన కాళ్లూ, తప్పని చేతులూ.

ఆ తర్వాత అజహరుద్దీన్ వచ్చాడు. మణికట్టుతో ఆడే షాట్లే జనానికి గుర్తుంటాయి. కానీ పరుగెత్తుతూనే వంగి బంతి అందుకుని, నిలబడకుండానే వికెట్ల వైపు విసిరే తీరు చూసి ఫీల్డింగ్ మీద ఇష్టం పెంచుకున్న హైదరాబాద్ కుర్రాళ్లు ఎందరో. 334 వన్డేల్లో 156 క్యాచ్‌లు పట్టాడాయన.

ఈ తరంలో ఇంకో విశేషముంది. 2014 నుంచి 2021 దాకా భారత జట్టుకు ఫీల్డింగ్ కోచ్‌గా ఉన్న ఆర్. శ్రీధర్ హైదరాబాద్ రంజీ జట్టుకు ఆడిన ఎడమచేతి స్పిన్నర్. ఆయన తర్వాత 2021లో ఆ బాధ్యత తీసుకున్న టి. దిలీప్ కూడా హైదరాబాద్‌వాడే. ఆయన పెద్ద స్థాయి క్రికెట్ ఆడినవాడు కాదు. పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటూ కోచింగ్ నేర్చుకున్నాడు. బంతిని ఆపడమెలాగో దేశంలోని మేటి ఆటగాళ్లకు నేర్పే పని, వరసగా ఇద్దరు మన ఊరివాళ్ల చేతికి వచ్చిందన్నమాట.

స్కోరుకార్డులో లేని గడి

అయినా ఈ విద్యకు గుర్తింపు తక్కువే. స్కోరుకార్డు తీసి చూడండి. కొట్టిన పరుగులకు గడి ఉంటుంది. తీసిన వికెట్లకు ఉంటుంది. క్యాచ్ పట్టినవాడి పేరూ కనిపిస్తుంది. ఆపిన పరుగులకు గడి లేదు. బౌండరీ దగ్గర మోకాలు వేసి మూడు పరుగులు మిగిల్చిన పిల్లాడు ఆ కాగితంలో ఎక్కడా ఉండడు. మూడు పరుగుల తేడాతో జట్టు గెలిచినా అంతే.

ఆ వెలితి భారత జట్టుకూ తెలిసినట్టుంది. 2023 ప్రపంచకప్‌లో ప్రతి మ్యాచ్ తర్వాతా డ్రెస్సింగ్ రూములో ఉత్తమ ఫీల్డర్‌కు మెడలో పతకం వేశారు. అక్టోబరు 8న చెన్నైలో ఆస్ట్రేలియాతో మ్యాచ్ అయ్యాక మొదటిది విరాట్ కోహ్లికి దక్కింది. కోట్లు సంపాదించిన ఆటగాళ్లు ఆ చిన్న పతకం కోసం చిన్నపిల్లల్లా ఎదురుచూడటం టీవీల్లో అందరూ చూశారు. ఆ పతకం సంగతి రహమత్ నగర్‌కూ చేరింది. అక్కడ పతకం లేదు. ఆ ఆదివారం బాగా ఆపినవాడికి ఆ మర్నాటి ఆటలో మొదటి బ్యాటింగ్ ఇస్తారు. బ్యాట్ ఎవరిదైనా సరే! గల్లీ క్రికెట్‌లో ఇంతకన్నా పెద్ద చట్టసవరణ ఉండదు.

లైట్‌మ్యాన్‌కు ఈ లెక్క అర్థం కావడంలో వింతేం లేదు. సినిమాలో హీరో ముఖం మీద వెలుగు పడాలంటే ఫ్రేముకు అవతల ఎవరో లైటు పట్టుకుని కదలకుండా నిలబడాలి. తెరమీద ఆ మనిషి కనిపించడు. ఆ వెలుగు మాత్రం ప్రతి సీనులోనూ ఉంటుంది.

మీ ఇంట్లోనూ...

ఈ పాఠం చెప్పుకోవడానికి కోచింగ్ సెంటరు అక్కర్లేదు. ఇంట్లో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలుంటే రబ్బరు బంతి ఒకటి, రెండు జతల చెప్పులు చాలు. అమ్మాయైనా అబ్బాయైనా ఒకటే. ముందు మెల్లగా దొర్లించండి. ఆపితే మెచ్చుకోండి. వదిలేస్తే, కళ్లు తెరిచి ఉన్నాయా లేదా అన్నదే చూడండి. భయపడితే వెక్కిరించకండి, ఇంకా మెత్తటి బంతి తీసుకోండి. తోలుబంతి తొందర వద్దు. పెద్దవాళ్ల బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. పదమూడేళ్లలోపు పిల్లలకు 133 నుంచి 144 గ్రాముల చిన్న బంతి వేరే దొరుకుతుంది, అడిగి కొనండి. తోలుబంతితో ఆడే రోజు వస్తే గార్డు లేకుండా పంపకండి. ఆడేచోట రాళ్లు ఏరాకే ఆట మొదలుపెట్టమని చెప్పండి.

ఈసారి పిల్లల మ్యాచ్ చూడ్డానికి వెళ్తే ఇంకో పని చేయండి. ఫోర్ కొట్టినవాడికి ఎలాగూ అందరూ చప్పట్లు కొడతారు. ఫోర్ పోకుండా మోకాలు వేసి ఆపిన పిల్లాడు దుమ్ము దులుపుకుని లేచి బంతి విసిరేటప్పుడు, వాడికీ వినిపించేలా ఒకసారి చప్పట్లు కొట్టండి.